12 రోజుల సెలవులో బండి మీద లద్దాఖ్: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ముగ్గురు మిత్రులు, రెండు 350 సీసీ బండ్లు, ఒక 200 సీసీ బండి. జూలై మొదటి వారంలో బయల్దేరతారు. బండ్లు రైల్లో ఢిల్లీకి పంపి, అక్కడి నుంచి మనాలి, లేహ్, నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు, హాన్లే, ఉమ్లింగ్ లా (లా అంటే కనుమ) చూసుకుని శ్రీనగర్ మీదుగా తిరిగి ఢిల్లీ. చేతిలో 12 రోజులు, రోజుకు 300 కిలోమీటర్ల లెక్క. ఆక్సిజన్ డబ్బాలు కొనాలా అనీ, ఒక బండి మీ అన్నయ్య పేరు మీద ఉంది కాబట్టి చిక్కేమైనా వస్తుందా అనీ అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. 12 రోజుల్లో లద్దాఖ్ అవుతుంది, మీరు రాసుకున్న జాబితా అవదు. హాన్లే, ఉమ్లింగ్ లా ఈసారికి తీసేయండి. దిశ తిప్పండి: శ్రీనగర్ మీదుగా ఎక్కి మనాలి మీదుగా దిగండి. లేహ్ చేరాక ఒక పూర్తి రోజు ఊళ్లోనే ఉండండి. ఒక రోజుకు ఏ ఊరి పేరూ రాయకుండా ఖాళీగా వదలండి.

ఎందుకో చెప్తాను. ఈ ప్రయాణానికి కొత్తవాళ్లు ప్లాన్ వేసేటప్పుడు మ్యాప్ తెరిచి కిలోమీటర్లు కూడతారు. ఏటా వేసవిలో ఒక జట్టును వెంటబెట్టుకుని వెళ్తుంటాను, నేను కాగితం మీద ముందు రాసేది ఒక్కటే: ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నాం. పగలు ఎంత ఎత్తుకు ఎక్కి దిగినా ఒళ్లు చాలావరకు ఓర్చుకుంటుంది. రాత్రి పడుకునే ఎత్తు ఒక్కసారిగా పెరిగితేనే తిరగబడుతుంది. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలనీ పర్వత వైద్యులు చెప్పే నియమం. రోడ్డు మీద దీన్ని తు.చ. తప్పకుండా పాటించడం కష్టమే. కానీ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

ఇప్పుడు మీ రెండు దారులూ పక్కపక్కన పెట్టి చూడండి. మనాలి సుమారు 2,000 మీటర్లు. అటల్ సొరంగం 2020 అక్టోబరులో తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది, 9 కిలోమీటర్ల సొరంగం దాటితే లాహౌల్ లోయలో ఉంటారు. దాంతో పొద్దున మనాలిలో టీ తాగినవాళ్లు సాయంత్రానికి సర్చు గుడారాల్లో ఉంటున్నారు. సర్చు దాదాపు 4,290 మీటర్లు. అంటే ఒక్క రోజులో పడక ఎత్తు రెండు వేల రెండొందల మీటర్లకు పైగా పెరిగింది. పైగా సర్చు ఎలాంటి చోటంటే, ఒంట్లో బాగోలేక దిగిపోదామన్నా దిగే దారి లేదు. వెనక్కి వస్తే 4,800 మీటర్లు దాటిన బారాలాచా లా ఎక్కాలి. ముందుకెళ్తే 5,000 మీటర్లు దాటిన లాచుంగ్ లా ఎక్కాలి. ఎటు పోవాలన్నా ముందు ఇంకా పైకే.

ఒకసారి మేము లేహ్ నుంచి దిగి వస్తూ సర్చులో ఆగాం. పక్క గుడారంలో ఆ పొద్దునే మనాలి నుంచి వచ్చిన కుర్రాళ్లున్నారు. వాళ్లలో ఒకతనికి తలనొప్పి, అలసట అని పడుకోబెట్టేశారు. రాత్రి పదింటికి బయటికి వచ్చి బూటు లేసు కట్టుకోబోయాడు, ముడి పడటం లేదు. వేళ్లు లేసు పట్టుకుంటున్నాయి, తర్వాత ఏం చేయాలో మాత్రం తోచడం లేదు. మడమ, బొటనవేలు ఆనించుకుంటూ తిన్నగా పది అడుగులు వేయమన్నాను. రెండో అడుగుకే పక్కకు ఒరిగిపోయాడు. అది అలసట కాదు, మెదడు వాపు మొదలైన గుర్తు. తెల్లారేదాకా ఆగే పని కాదు. దారిన పోయే ఒక వాహనాన్ని ఆపి, ఆ చీకట్లోనే బారాలాచా దాటించి కేలాంగ్ ఆస్పత్రికి చేర్చారు. కోలుకున్నాడు. ఆ రాత్రి వాహనం దొరక్కపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు.

శ్రీనగర్ దారి చూడండి. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు, కార్గిల్ 2,700, లేహ్ 3,500. దారిలో జోజి లా 3,500 మీటర్ల పైచిలుకు, ఫోతు లా 4,108 మీటర్లు వస్తాయి గానీ ఎక్కి వెంటనే దిగిపోతారు. కార్గిల్ నుంచి లేహ్ వెళ్లిన రోజు 800 మీటర్లు పెరుగుతుంది, అది కూడా నియమం కన్నా ఎక్కువే. అందుకే లేహ్‌లో ఆ అదనపు రోజు. దాన్ని విశ్రాంతి రోజు అంటే కుర్రాళ్లకు నచ్చదు, ఖర్దూంగ్ లా ఎక్కి వచ్చేద్దాం అంటారు. వద్దు. బజారులో నెమ్మదిగా తిరగండి, చైన్‌కు నూనె పెట్టుకోండి, పర్మిట్ పని చూసుకోండి, నీళ్లు తాగండి, పడుకోండి. మద్యం ముట్టొద్దు, నిద్రమాత్రలు అసలే వద్దు.

ఇదే ఎత్తుల లెక్కతో మీ 12 రోజులూ ఇలా వస్తాయి. బండ్లు ఢిల్లీకి కాకుండా జమ్మూకే పంపండి, తిరుగు ప్రయాణంలో చండీగఢ్ నుంచి ఎక్కించండి. మైదానంలో వెళ్లేటప్పుడు ఐదొందలకు పైగా, వచ్చేటప్పుడు సుమారు రెండొందల యాభై కిలోమీటర్లు ఎండలో తోలే శ్రమ తప్పుతుంది. మొదటి రోజు జమ్మూలో బండ్లు దించుకోవడం, పెట్రోలు, గాలి, చిన్న చిన్న బిగింపులు. రెండో రోజు శ్రీనగర్, మూడో రోజు కార్గిల్, నాలుగో రోజు లేహ్, ఐదో రోజు అక్కడే. ఆరో రోజు ఖర్దూంగ్ లా దాటి నుబ్రాలో హుండర్. పాస్ 5,359 మీటర్లున్నా హుండర్ దాదాపు 3,100 దగ్గరే, రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. ఏడో రోజు ష్యోక్ నది వెంబడి పాంగాంగ్. ఎనిమిదో రోజు చాంగ్ లా మీదుగా లేహ్. తొమ్మిదో రోజు లేహ్ నుంచి సర్చు గానీ, చీకటితో బయల్దేరగలిగితే జిస్పా గానీ. పదో రోజు మండీ, పదకొండో రోజు చండీగఢ్. పన్నెండోది ఖాళీ.

సర్చు వద్దని మళ్లీ సర్చు రాశానేమిటి అనుకోవచ్చు. అప్పటికి మీరు 3,000 మీటర్ల పైన ఐదు రాత్రులు గడిపి ఉంటారు, అందులో ఒకటి 4,000 దాటిన పాంగాంగ్ ఒడ్డున. అదే గుడారం, అదే చలి, కానీ ఒళ్లు వేరు. రెండు దిశలకూ ఉన్న తేడా అంతా ఇదే.

ఆ ఖాళీ రోజును చివర పెట్టడానికి కారణం ఉంది. లద్దాఖ్ వానచాటు ప్రాంతం. జూలైలో అక్కడ ఎండగానే ఉన్నా, మీరు దిగేసరికి హిమాచల్‌లో వర్షాలు జోరందుకుని ఉంటాయి. కుల్లు, మండీ మధ్య కొండచరియలు పడి దారి ఆగడం ఏటా జరిగేదే. లద్దాఖ్‌లో కూడా వాన అసలు రాదని కాదు. 2010 ఆగస్టులో లేహ్‌లో ఒక్క రాత్రి కుండపోతకు ఎన్ని ప్రాణాలు పోయాయో అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్తారు. కాబట్టి ఆ రోజును పాంగాంగ్‌లో ఇంకో రాత్రికో, తుర్తుక్ ఊరు చూడటానికో ఖర్చుపెట్టేయకండి. ఒకసారి జోజి లా మూసేస్తే మా జట్టు ద్రాస్‌లోనే ఉండిపోయింది. తెల్లారితే రైలు ఉందని కొందరు తెరిచీ తెరవగానే రాత్రిపూట ఆ బురదలో లారీల మధ్య దూరారు. రైలు టికెట్టు కోసం చేసే పని కాదది. టికెట్లు మార్చుకోవడానికి వీలున్నవే తీసుకోండి.

ఇక ఉమ్లింగ్ లా. 19,000 అడుగులు దాటిన రోడ్డు మీద నిలబడాలని ఎవరికైనా ఉంటుంది, నాకూ ఉండేది. కానీ దానికి ముందు రాత్రి పడుకోవాల్సిన హాన్లేనే 4,200 మీటర్ల పైన ఉంది. అక్కడ కనీసం రెండు రాత్రులు, దానికి ముందు పాంగాంగ్ వైపు ఒకటి రెండు రాత్రులు ఉంటేనే ఆ ఎత్తుకు వెళ్లాలంటాను. అంటే ఇంకో మూడు నాలుగు రోజులు కావాలి. పైగా హాన్లేకి వెళ్తే ఆకాశం చూడకుండా రావడం అన్యాయం. అక్కడ ఖగోళ వేధశాల ఉంది, ఆ చుట్టుపక్కల రాత్రి చీకటిని కాపాడటానికి ప్రత్యేక రక్షిత ప్రాంతంగా కూడా ప్రకటించారు. అమావాస్య దగ్గర చూసుకుని ఇంకోసారి దానికోసమే వెళ్లండి.

ఆక్సిజన్ డబ్బాల సంగతి. దుకాణాల్లో అమ్మే చిన్న స్ప్రే డబ్బా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని చూసుకుని ధైర్యంగా పైన ఉండిపోవడమే దానివల్ల వచ్చే ముప్పు. ఎత్తు జబ్బుకు మందు కిందికి దిగడం. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం వస్తే అక్కడే ఆగండి, తగ్గేదాకా ఇంకా పైన పడుకోవద్దు. నడక తడబడితే, మాట తికమకగా ఉంటే, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గులో నురగ కనిపిస్తే అది వేళ కాని వేళ అయినా దిగాల్సిందే. అసిటజోలమైడ్ మాత్ర, అంటే డయామాక్స్, చాలామందికి పనికొస్తుంది. సాధారణంగా ఎక్కడానికి ముందు రోజు మొదలుపెడతారు. కానీ సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి మీ ముగ్గురూ బయల్దేరే ముందు డాక్టరును కలిసి మోతాదు రాయించుకోండి. వేసుకున్నాక వేళ్లు జివ్వుమంటాయి, మాటిమాటికీ మూత్రం వస్తుంది, కంగారుపడొద్దు. దానికి తగ్గట్టు నీళ్లు తాగాలి. ముగ్గురూ ముందే ఒక మాట అనుకోండి: ఎవరికి తలనొప్పి వచ్చినా దాచకుండా చెప్పాలి. కుర్రాళ్ల జట్లలో నేను చూసిన ప్రమాదాల్లో సగానికి మూలం, మిగతావాళ్ల ట్రిప్పు పాడవుతుందని ఒకడు నోరు విప్పకపోవడమే.

ఇంకొక్కటి. రాత్రి చలికి గదిలో, గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. దానివల్ల వచ్చే తలనొప్పీ ఎత్తు తలనొప్పిలాగే ఉంటుంది, తేడా తెలిసేలోపు ప్రాణం మీదికొస్తుంది.

రోజుకు 300 కిలోమీటర్లు అన్న లెక్క మైదానానికి. అక్కడ 150 నుంచి 200 అంటే మంచి రోజు. తారు బాగున్న చోట యాభై అరవై మీద పోతారు, దారి తెగిన చోట పది కిలోమీటర్లకు గంట పడుతుంది. లేహ్ నుంచి దిగే రోజు పెద్దది. అందుకే ఆ రోజు ఐదింటికల్లా బండి కదలాలి.

తెల్లవారుజామున కదలడానికి ఇంకో పెద్ద కారణం నాలాలు. మంచు కరిగిన నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారే చోట్లు అవి. పొద్దున ఎనిమిదింటికి చీలమండ దాకా ఉన్న నీరు మధ్యాహ్నం మూడింటికి మోకాలు దాటుతుంది. ఎండకు పైన మంచు కరిగి కిందికి చేరేసరికి ఆ వేళవుతుంది. కొన్నిచోట్ల వంతెనలు వచ్చాయి, అన్నిచోట్లా రాలేదు. ష్యోక్ దారిలో మీకు ఇవి తగలొచ్చు. ముందురోజు సాయంత్రం నుబ్రాలోని డిస్కిట్‌లో టాక్సీ డ్రైవర్లను అడగండి, ఆ దారి ఎలా ఉందో వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. బాగోలేదంటే లేహ్ మీదుగానే వెళ్లండి, పంతం వద్దు.

నాలా దాటడం గురించి కాస్త వివరంగా చెప్తాను, మొదటిసారి అందరూ తడబడేది ఇక్కడే. బండి ఆపి, ముందు ఒకరు నడిచి దాటండి. నీళ్లు బురద రంగులో ఉంటాయి, అడుగు కనపడదు. తలకాయంత రాళ్లు నాచు పట్టి ఉంటాయి, అవి ఎక్కడున్నాయో పాదంతోనే తెలియాలి. తర్వాత మొదటి గేరు, సగం క్లచ్, యాక్సిలరేటర్ ఒకే తీరుగా. మధ్యలో గేరు మార్చొద్దు, వదలొద్దు. చూపు నీళ్ల మీద పెట్టారంటే బండి నీళ్లతో పాటే కిందికి పోతుంది, అవతలి గట్టు మీద ఒక రాయిని చూస్తూ పోండి. ఒకరు దాటేదాకా రెండోవాళ్లు దిగకూడదు. తోసుకుంటూ దాటాల్సి వస్తే నీరు వచ్చే వైపు మీరు, పోయే వైపు బండి. అటు ఇటైతే బండి మీద పడి నీళ్లలో నొక్కేస్తుంది. బండి పడి ఎయిర్ ఫిల్టర్‌లోకి నీళ్లు పోయాయని అనుమానం వస్తే సెల్ఫ్ నొక్కకండి. గట్టు మీదికి లాగి, ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ విప్పి, నీళ్లు కక్కించాకే స్టార్ట్ చేయాలి. దాటిన ప్రతిసారీ బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి ఆరనివ్వండి.

పెట్రోలు దగ్గర రాజీ లేదు. మనాలి దారిలో తాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని రాసి ఉన్న బోర్డు ఎన్నో ఏళ్లుగా అందరూ ఫొటో తీసుకునేదే. మీరు ఎదురు దిశలో వస్తారు కాబట్టి లేహ్ దాటాక కరూలో అంచుదాకా నింపుకోవాలి. ఎత్తులో మొదటి, రెండో గేర్లలో పోయేటప్పుడు మైలేజీ బాగా పడిపోతుంది, మీరు ఊళ్లో చూసే లెక్క అక్కడ చెల్లదు. బండికి ఐదు లీటర్ల డబ్బా ఒకటి, పెట్రోలు కోసమే చేసినది, సైలెన్సర్‌కు అవతలి పక్క కట్టండి. నిండా పోయకుండా కాస్త జాగా వదలండి. పైకి ఎక్కేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి డబ్బా ఉబ్బుతుంది, మూత ఒక్కసారిగా తిప్పితే మొహం మీద చిమ్ముతుంది. నుబ్రా, పాంగాంగ్ చుట్టుకు డిస్కిట్‌లో మళ్లీ నింపుకోండి.

మీ 200 సీసీ బండి గురించి భయపడుతున్నట్టున్నారు. ఆ అవసరం లేదు. 5,000 మీటర్ల పైన గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సగం పైచిలుకే ఉంటుంది, ఏ ఇంజిన్‌కైనా బలం ఆ మేరకు తగ్గుతుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉంటే పెట్రోలు పాళ్లు సర్దుకుంటుంది గానీ, లేని గాలిని అదీ తేలేదు. సీసీ కన్నా బరువు ముఖ్యం. వెనుక ఎవరినీ ఎక్కించుకోవద్దు, సామాను తగ్గించండి. బయల్దేరే ముందు మొత్తం సామాను కట్టి ఒక రోజంతా గతుకుల రోడ్డు మీద తిప్పండి, ఏ తాడు వదులవుతుందో, ఏ క్లాంపు విరుగుతుందో ఇక్కడే తెలిసిపోతుంది. టైర్లు సగం అరిగినవైతే మార్చేయండి. బ్రేక్ ప్యాడ్లు, చైన్ సెట్ కూడా అంతే. వెంట క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, రెండు లివర్లు, స్పార్క్ ప్లగ్, ఫ్యూజులు, చైన్ లింకు, ట్యూబులు, పంక్చర్ సామాను, గాలి పంపు ఉండాలి. కొత్త కేబుల్‌ను పాతదాని పక్కనే ముందే వేసి టేపుతో కట్టేయండి. దారిలో తెగితే రెండు చివర్లు బిగించుకుంటే చాలు, చలికి మొద్దుబారిన వేళ్లతో ట్యాంకు విప్పే పని తప్పుతుంది.

లోయ దిగేటప్పుడు ఇంజిన్ ఆపి జారనివ్వడం, న్యూట్రల్‌లో వదలడం చేయొద్దు. గేరులోనే దిగండి. సైన్యం కాన్వాయ్ ఎదురొస్తే ముందే వెడల్పు చోటు చూసుకుని, వీలైతే కొండ వైపు ఆగండి. లోయ వైపు అంచు మట్టి ఎక్కడ వదులుగా ఉంటుందో చూసి చెప్పలేం. ముగ్గురిలో నెమ్మదిగా నడిపేవాళ్లు ముందుండాలి. ప్రతివాళ్లూ అద్దంలో వెనకవాళ్లను చూసుకుంటూ పోవాలి, కనపడకపోతే ఆగాలి.

ఫోన్ల విషయంలో, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయవు. ముగ్గురూ పోస్ట్‌పెయిడ్‌కు మారండి, వేర్వేరు కంపెనీలవైతే ఇంకా మంచిది. సర్చు, పాంగ్ వైపు రోజంతా సిగ్నల్ లేకుండా ఉండొచ్చు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. మ్యాపులు ఫోన్లో దించుకుని పెట్టుకోండి. నుబ్రా, పాంగాంగ్‌లకు లేహ్ పాలనా యంత్రాంగానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి రుసుము కట్టి, ఆ కాగితం నాలుగైదు కాపీలు ప్రింటు తీసుకోండి. చెక్‌పోస్టుల్లో ఒక్కొక్కటి ఇచ్చేయాల్సి వస్తుంది.

ఇక అన్నయ్య పేరు మీద ఉన్న బండి. లద్దాఖ్‌లో స్థానిక బండ్ల సంఘాలవాళ్లు, బయటి నుంచి అద్దెకు తెచ్చిన బండ్లను నుబ్రా, పాంగాంగ్ వైపు పోనివ్వరు. నంబరు ప్లేటు తెల్లదైనా సరే, నడిపేవాళ్ల పేరుకూ ఆర్‌సీలో పేరుకూ పొంతన లేకపోతే ఆపి అడుగుతారు. అది వాళ్ల బతుకుతెరువు ప్రశ్న, గొడవకు దిగొద్దు. అసలు ఆర్‌సీ, బీమా, కాలుష్య పత్రం, అన్నయ్య సంతకంతో మీకు బండి ఇస్తున్నట్టు ఒక ఉత్తరం, ఆయన ఆధార్ కాపీ వెంట ఉంచుకోండి. ఇంటిపేరు ఒకటే కాబట్టి మీ గుర్తింపు కార్డు పక్కన పెట్టి చూపిస్తే సరిపోవాలి. రైల్వే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసేటప్పుడు కూడా ఇవే కాగితాల కాపీలు అడుగుతారు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేసి తీసుకెళ్లండి, అద్దాలు విప్పి సంచిలో పెట్టుకోండి. హ్యాండిల్‌కు, ట్యాంకుకు గోనె, గడ్డి గట్టిగా చుట్టించండి. బండ్లు మీకన్నా రెండు మూడు రోజులు ముందే జమ్మూ చేరేలా పంపితే మొదటి రోజు స్టేషన్లో ఎదురుచూస్తూ పోదు.